ఎక్కినప్పుడు ఎలా ఉందో అలాగే

కిందటి వారం కథలో ఒనోజుకా కారు గోడకు గుద్దుకుని, ముందు భాగం నుజ్జయి ఆగిన చోట మనమూ ఆగాం. మధ్యలో ఎవరి పనులు వాళ్లకుంటాయి కనుక మరిచిపోయినవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

జపాన్‌లో ఎచిగో కొండల నడుమ ఉన్న ఆ ఊళ్లో తాగినవాడు స్టీరింగ్ పట్టుకుంటే లైసెన్సు మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకని విందులకు వెళ్లినవాళ్లు కువాబారా దంపతులకు ఫోన్ చేస్తారు. ఇద్దరూ తమ చిన్న తెల్ల కారులో వస్తారు. షిగెజి ఆ కస్టమర్ కారే నడుపుతూ, కస్టమర్‌ని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఇంటికి చేరుస్తాడు. భార్య మిసావో చిన్న కారులో వెనకే వెళ్లి, మొగుణ్ణి ఎక్కించుకుని తిరిగొస్తుంది. మూడు వారాల కిందట, రోడ్ల మీద మంచు తీయించే కాంట్రాక్టరు ఒనోజుకాని అలాగే ఇంటికి చేర్చారు. అయిదొందల గుర్రాల బలమున్న ఆయన కొత్త కారుని వాకిట్లో పెట్టి వచ్చారు. వీళ్లు మలుపు తిరిగారో లేదో, ఆయన చెల్లెలు ఫుమియే అదే కారెక్కింది. వేడినీళ్ల స్నానశాలలో కూర్చుని ఎదురుచూస్తున్న తల్లిని తీసుకురావడానికి బయల్దేరింది. ఎత్తు రోడ్డు మీద కారు వెనకభాగం చీపురు తిప్పినట్టు తిరిగిపోయింది. ఫుమియే చీలమండ విరిగింది.

ఎముక అతుక్కుంటుంది. అతుక్కోనిది వేరే ఉంది. ఫుమియే కిండర్‌గార్టెన్ బస్సు నడుపుతుంది. ఇన్నేళ్లలో ఒక గీత కూడా పడనివ్వలేదని ఊరంతా చెప్పుకునేవాళ్లు. ఇప్పుడు మెకానిక్ కంప్యూటర్ తగిలించి చూసి, గుద్దుకునే సమయానికి, చక్రాలు జారకుండా ఇంజన్ బలాన్ని తగ్గించే ట్రాక్షన్ కంట్రోల్ ఆపేసి ఉందన్నాడు. ఆ మాట పట్టుకుని, సరదా కోసం రక్షణ ఏర్పాటు ఆపేసే మనిషి చేతికి పిల్లల్ని ఎలా ఇస్తామని స్కూలు కమిటీ అడుగుతోంది. ఏ బటనూ ముట్టుకోలేదని ఫుమియే అంటోంది. ఆమె మాట నమ్మేవాళ్లు ఊళ్లో వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది కూడా లేరు.

కమిటీ కూర్చునేది ఇవాళ మధ్యాహ్నమే.

పొద్దున్నుంచి మంచు పడుతూనే ఉంది. మిసావో ఆఫీసు గదిలో కిరసనాయిలు స్టవ్ మీద కెటిల్ పెట్టి, కమలాపండు ఒలుస్తోంది. ఆఫీసు అంటే పెద్దగా ఊహించుకోకండి, ఇంటి ముందు గదికి ఒక బోర్డు, లోపల ఒక బల్ల, ఒక ఫోను. తలుపు జరిగిన చప్పుడైంది. బూట్ల మంచు దులుపుకుంటూ ఒనోజుకా లోపలికొచ్చాడు.

"ఏం చెల్లెమ్మా, మా వాడున్నాడా? ఇంకా దుప్పట్లోనే ఉన్నాడా?"

ఒనోజుకా, షిగెజి ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు. అప్పట్నుంచీ ఇద్దరి మధ్యా మర్యాదలు లేవు.

"దుప్పట్లో ఉండడానికి నేనేమన్నా కాంట్రాక్టర్నా?" అంటూ షిగెజి లోపలి గదిలోంచి వచ్చాడు. "పనివాళ్లు పార పట్టుకుంటే నువ్వు కాఫీ కప్పు పట్టుకుంటావు."

"నోరు మాత్రం ఎప్పుడూ జారదురా నీది, ఏ మంచు మీదైనా."

"అదీ కంట్రోల్‌లో ఉంటుంది. ఫుమియే ఎలా ఉంది?"

ఒనోజుకా కుర్చీలో కూలబడ్డాడు. మిసావో టీ పోసి, ఊరబెట్టిన ముల్లంగి ముక్కలు ముందు పెట్టింది. ఆయన ఒక ముక్క కొరికి, నమలడం మరిచిపోయాడు.

"ఎలా ఉందా? మొండిగా ఉంది," అన్నాడు చివరికి. "తప్పయింది, తెలియక నొక్కాను, క్షమించండి అని తల వంచి ఒక్క ముక్క చెప్పమన్నాను. హెడ్‌మిస్ట్రెస్ మంచి మనిషి. పొరపాటు చేసినవాళ్లనైతే కొన్నాళ్లాగి మళ్లీ పిలుస్తాం గానీ అబద్ధమాడేవాళ్లని పిలవలేం అంది. ఈవిడేమో చెయ్యని తప్పుకి తల వంచనంటుంది. ఎవరు చేశారే మరి, దెయ్యం చేసిందా అంటే, గోడ వైపు తిరిగి పడుకుంటుంది."

"ఆవిడ అబద్ధమాడే మనిషి కాదన్నయ్యా," అంది మిసావో.

"నాకు మాత్రం తెలీదా చెల్లెమ్మా? చిన్నప్పుడు నేను చేసిన వెధవ పనులన్నీ నాన్నకి పూసగుచ్చినట్టు చెప్పేది. అదే నా బాధ. అలాంటిది ఇప్పుడెందుకు ఇలా?" ఆయన షిగెజి వైపు తిరిగాడు. "అందుకే వచ్చానురా. ఇవాళ కమిటీకి నువ్వొచ్చి ఒక్క మాట చెప్పాలి. కారు నీ చేతిలో ఉన్నప్పుడు ఆ ట్రాక్షన్ కంట్రోల్ పని చేస్తోందా లేదా?"

"చేస్తోంది. నేనే ఆన్ చేశాను."

"చూశావా! నువ్వే ఆన్ చేశావంటే, అంతకు ముందు ఆఫ్‌లో ఉందనేగా?"

"ఉందనేగా ఏమిట్రా? నువ్వేగా ఆపావు!" షిగెజి గొంతు లేచింది. "మేం వచ్చేసరికి రెస్టారెంట్ ముందు ఇంజన్ స్టార్ట్ చేసుకుని, పక్క సీట్లో వెచ్చగా కూర్చుని పాట పాడుతున్నావు. డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతోంది. జారే కారు బొమ్మ, కింద ఆఫ్ అని. ఏమిట్రా ఇది అనడిగితే, యంత్రం నాకు నడక నేర్పడమేమిటన్నావు."

ఒనోజుకా చెవులు ఎర్రబడ్డాయి. "అలవాటు. ఇంజన్ స్టార్ట్ చెయ్యగానే నా వేలు దాని మీదికి పోతుంది. ఫిబ్రవరిలో గడ్డకట్టిన రేసుల సర్క్యూట్ మీద తిప్పడానికి కొన్నాను కారు. అక్కడ అది ఆన్‌లో ఉంటే మజా ఏముంది? తోక తిప్పనివ్వదు. చక్రం కాస్త విదిలిస్తే చాలు, టీచరమ్మలా వచ్చి ఇంజన్ గొంతు నొక్కుతుంది."

"సర్క్యూట్ మీద ఆపుకో, ఎవడొద్దన్నాడు? మధ్యలో పిల్లా మేకా ఉండరు. చుట్టూ మెత్తటి మంచు గట్లు. రోడ్డు మీద ఎందుకు?"

"మొన్న మా యార్డులో మోకాల్లోతు మంచులో దిగబడితే ఆపబట్టే బయటపడ్డాను. ఆన్‌లో ఉంచితే చక్రం కదిలినప్పుడల్లా అది బలం తగ్గించేస్తుంది. ఇక కారు కదిలేదెప్పుడు?"

"నిజమే. చక్రాలకి గొలుసులు వేసినప్పుడూ అంతే, కొత్త మంచులోంచి పైకి లాగాలన్నా అంతే. ఆపాలి, బయటపడాలి, బయటపడ్డ మరుక్షణం ఆన్ చెయ్యాలి. బయటపడడానికి ఆపేదాన్ని బతుకంతా ఆపుకుని తిరుగుతావా? బలం అంతా వెనక రెండు చక్రాలకే పోతుంది నీ కారుకి. మన రోడ్లేమో సగం తడి, సగం గాజు."

ఆ ఊరి రోడ్ల సంగతి మిసావోకీ కొట్టిన పిండే. రోడ్డు నడుమ గొట్టాలు భూమిలోని నీళ్లు చిమ్ముతూ మంచుని కరిగిస్తుంటాయి. అక్కడ రోడ్డు తడిగా, నల్లగా, వేసవిలోలాగే ఉంటుంది. గొట్టాల వరుస ఎక్కడ అయిపోతుందో అక్కడ్నుంచి ఒక్క అడుగులో గడ్డకట్టిన మంచు మొదలవుతుంది. ఒనోజుకా ఇంటి ముందు ఎత్తు రోడ్డు సగంలో ఆ వరుస అయిపోతుంది. బస్సు నడిపేవాళ్లు తడి రోడ్డు మీదే ఊపు తెచ్చుకుని ఆ చోటు దాటేస్తారు. ఫుమియే కూడా ఆ సాయంత్రం చేతికి వచ్చిన పనే చేసింది. కాకపోతే బస్సుకి సరిపోయే ఊపు ఆ కారుకి చాలా ఎక్కువ. దాన్ని తగ్గించాల్సిన ఏర్పాటు నిద్రపోతోంది.

"సరే, నా తప్పు నాది," అన్నాడు ఒనోజుకా. "నేను ఆపాను, నువ్వు ఆన్ చేశావు. మా ఇంటి ముందు నువ్వు దిగావు. ఇంజన్ ఆపావా?"

"లేదు. ఫుమియే అప్పటికే కోటు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. తన కారు మీద ఇంటికప్పు మంచు జారి పడిందట. ఆపకండి, ఇలాగే వెళ్తాను అంది."

"అదీ సంగతి. ఆపి స్టార్ట్ చేస్తే అది దానంతటదే ఆన్‌కొస్తుంది. ఆపలేదు. నువ్వు ఆన్‌లో ఇచ్చావు, అది ఆఫ్‌లో గుద్దింది. మధ్యలో కారులో ఉన్నది మా చెల్లెలొక్కత్తే." ఆయన టీ కప్పు కింద పెట్టాడు. "ఇదే కమిటీ ముందు చెప్పు. దాని ముఖం మీదే చెప్పు. అప్పుడైనా ఒప్పుకుని తల వంచుతుంది. దానికి ఆ బస్సు తప్ప వేరే లోకం లేదురా. నేను దాని మీద పగతో అడగడం లేదు."

"వస్తాను. ఉన్న మాటేగా."

"బంకులో డీజిల్ పోయించుకుని, ఫుమియేని తీసుకుని వచ్చి నిన్నూ ఎక్కించుకుంటా. చెల్లెమ్మా, ముల్లంగి బాగుంది." ఆయన బూట్లు తొడుక్కుని వెళ్లిపోయాడు. ఆయన మంచు తీసే లారీ గురగురలాడుతూ సందు దాటింది.

మిసావో కమలాపండు తొక్కలు ఎత్తడానికి లేచి, కిటికీ దగ్గర ఆగింది. బయట చూరు కింద తమ తెల్ల కారు. దాని తలుపు మీద నీలం అక్షరాలు. ఎక్కినప్పుడు ఎలా ఉందో, దిగేటప్పుడూ అలాగే.

అది ఆమె మాటే. సర్వీసు పెట్టిన కొత్తలో ఒక పళ్ల డాక్టరు ఫోన్ చేసి, నా సీటు జరిపి పోయాడు మీ ఆయన, నా నడుం పట్టేసిందని తిట్టాడు. ఇంకో ఆవిడ తన రేడియో స్టేషను మారిపోయిందని మళ్లీ పిలవలేదు. ఆ రోజు మిసావో మొగుణ్ణి కూర్చోబెట్టి చెప్పింది. మనం చేరుస్తున్నది కారుని కాదండీ, వాళ్ల చోటుని. మీరు ఎక్కినప్పుడు ఏది ఎలా ఉందో దిగేటప్పుడు అలాగే ఉండాలి. షిగెజికి ఏదైనా ఒకసారి తలకెక్కితే మరి దిగదు. సీటు వెనక్కి, అద్దం పక్కకి, హీటరు గాలి ఇంత, ముఖం తుడుచుకునే కాగితాల డబ్బా ఈ మూల. దిగేముందు ఆయన చెయ్యి ఒక్కొక్కటే వెనక్కి తిప్పుతూ పోతుంది. వెనక కారులో కూర్చుని ఆ కదిలే నీడని చూస్తూ ఆమె ఎన్నోసార్లు మురిసిపోయింది. ఊరందరికీ గొప్పగా చెప్పింది. తలుపు మీద రాయించింది.

ఆ సాయంత్రం కూడా ఒనోజుకా వాకిట్లో ఆయన దిగడానికి కాస్త టైము తీసుకున్నాడు. చలిలో ఫుమియే కాళ్లు తొక్కుకుంటూ నిలబడి ఉంది. లోపల ఆ నీడ కదిలింది. సీటు. అద్దం.

మిసావోకి ఒళ్లు చల్లబడింది. స్టవ్ ఎదురుగానే ఉంది.

"ఏమండీ, ఆ రోజు ఒనోజుకా అన్నయ్య కారు దిగేముందు ఏమేం సర్దారు?"

"ఎప్పుడూ సర్దేవే," అన్నాడు షిగెజి, కోటు గుండీలు పెట్టుకుంటూ. "సీటు, అద్దం. ఎందుకు?"

"ఇంకేం లేదా?"

"ఏమో, గుర్తులేదు. అవన్నీ గుర్తుపెట్టుకుని చేస్తానా? చెయ్యి చేసుకుపోతుంది."

అడిగి లాభం లేదని ఆమెకి అర్థమైంది. ఆయన దాచడం లేదు. ఆయనకి నిజంగా తెలీదు. తెలుసుకోవాలంటే దారి ఒక్కటే ఉంది. ఆ దారిలో వెళ్లాలా వద్దా అని గుమ్మంలో నిలబడి ఆలోచించింది. వెళ్లకపోతే ఎవరికీ ఏమీ తెలియదు. ఆయన కమిటీకి వెళ్లి ఉన్న మాట చెప్పి వస్తాడు. తలుపు మీది అక్షరాలు అలాగే ఉంటాయి, ఫోను మోగుతూనే ఉంటుంది. ఫుమియే మాత్రం బస్సెక్కదు. ఒనోజుకా కొరికి నమలడం మరిచిపోయిన ఆ ముల్లంగి ముక్క గుర్తొచ్చింది. ఆమెకి తన మీద తనకే కోపం వచ్చింది.

చెప్పులు తొడుక్కుని బయటికి నడిచింది. తెల్ల కారు స్టార్ట్ చేసింది. సీటు తన పొట్టి కాళ్లకు తగ్గట్టు ముందుకే ఉంది. స్టీరింగ్ కిందుగా ఉన్న బటన్ నొక్కింది. డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది, జారే కారు బొమ్మతో. ఆమె దిగి, చుట్టూ తిరిగి పక్క సీట్లో కూర్చుంది.

"ఏమండీ! చూరు మీద మంచు ఊగుతోంది, కారు కాస్త ఇవతలకి జరపండి."

"నువ్వు కూర్చునే ఉన్నావుగా, నువ్వే జరపొచ్చుగా?"

"వెనక కనపడటం లేదండీ. రండి."

షిగెజి గొణుక్కుంటూ వచ్చాడు. సీటు వెనక్కి తోసి కూర్చున్నాడు. అద్దం పైకెత్తాడు. డాష్‌బోర్డు చూసి నొసలు ముడిచాడు. "ఇదెందుకు ఆపావు? వాడి గాలి సోకిందా నీకు?" బటన్ నొక్కాడు. దీపం ఆరిపోయింది. కారు మెల్లగా చూరు కిందనుంచి కదిలి వాకిలి మధ్యకొచ్చి ఆగింది.

"కమిటీలో ఏం చెబుతారు?" అంది మిసావో.

"ఏముంది చెప్పడానికి?" షిగెజి సీటు ముందుకు లాక్కున్నాడు, మోకాళ్లు స్టీరింగ్‌కి తగిలేదాకా. "నేను ఎక్కేసరికి ఆఫ్‌లో ఉంది." అద్దం ఆమె ఎత్తుకి దించాడు. "అలాంటి కారుతో అలాంటి రోడ్డు మీద ఆఫ్‌లో నడిపేవాడు మూర్ఖుడు. అందుకని మొదటి పనిగా ఆన్ చేశాను." ఆయన వేలు స్టీరింగ్ కిందికి పోయింది. "ఆన్‌లోనే అప్పగించాను. ఇంతకంటే ఏం చెప్పను?"

దీపం వెలిగింది.

ఆయన దాని వైపు చూడలేదు. కోటు జేబులో చేతి తొడుగులు వెతుక్కుంటున్నాడు.

మిసావోకి ఏడుపొచ్చింది. ఆయన మీద జాలో, ఫుమియే మీద జాలో, నీలం అక్షరాలు రాయించిన తన మీద అసహ్యమో ఆమెకే తెలీలేదు. "అటు చూడండి," అంది.

చూశాడు. "మళ్లీ నొక్కావా?"

"మొదట నొక్కింది నేను. ఇప్పుడు నొక్కింది మీరు."

"నేనా? నేనెప్పుడు..." మాట సగంలో ఆగింది. షిగెజి తన కుడిచేతిని తిప్పి చూసుకున్నాడు. ముందుకు జరిగిన సీటు చూశాడు, దించిన అద్దం చూశాడు. మళ్లీ దీపం చూశాడు. వైపర్లు రెండుసార్లు అటూ ఇటూ తిరిగాయి.

"ఎక్కినప్పుడు ఎలా ఉందో," అన్నాడు నెమ్మదిగా, "అలాగే ఇచ్చేశాను."

"నేనేగా నేర్పింది," అంది మిసావో.

సందు మొదట్లో మంచు లారీ హారన్ మోగింది. షిగెజి చెయ్యి తాళం మీదికి పోయింది. దిగేముందు ఇంజన్ ఆపడమూ అలవాటే, కానీ ఈసారి వేళ్లు తాళం పట్టుకుని అక్కడే నిలిచిపోయాయి. ఇప్పుడు ఆపితే అది అలవాటు కాదని ఇద్దరికీ తెలుసు.

"ఆపితే దీపం ఆరిపోతుంది," అంది మిసావో. ఆయన చెయ్యి పట్టుకోలేదు.

లారీ వాకిలి ముందుకొచ్చి ఆగింది. తలుపు తెరుచుకుని ముందుగా ఒక చేతికర్ర దిగింది, తర్వాత కట్టు కట్టిన కాలు, తర్వాత ఫుమియే. అన్న పట్టుకోబోతే విదిలించుకుని, మంచులో కర్రలు దిగబడుతుంటే ఒక్కతే కారు దాకా వచ్చింది. షిగెజి పక్కనున్న కిటికీ అద్దం మీద వేళ్లతో కొట్టింది. గాజు అవతల ఆమె ముఖం పాలిపోయి ఉంది.

"కువాబారా గారూ, మీరేం చెప్పినా సరే, కమిటీలోకి వెళ్లేముందు ఒక్కటి. ఎవరూ నమ్మడం లేదు. మీరైనా నమ్మండి. నేను ఏ బటనూ ముట్టుకోలేదు."

షిగెజి తాళం వదిలేశాడు. ఇంజన్ తిరుగుతూనే ఉంది. ఆయన కిటికీ అద్దం కిందికి దించాడు. మంచు లోపలికి పడింది.

"నమ్మడం కాదమ్మా," అన్నాడు. "నాకు తెలుసు."

ఫుమియే వెనకాలే వచ్చిన ఒనోజుకా ఆమె భుజం మీదుగా లోపలికి వంగాడు.

"ఏం తెలుసురా నీకు?" అన్నాడు.